262 థర్ములు: కొత్తగా చేరిన ఇంట్లో తొలి శీతాకాలం

షికాగో పడమటి శివారులో, అరోరా బాలాజీ గుడికి ఇరవై నిమిషాల దూరంలో ఉంది ఈ ఇల్లు. 1979లో కట్టారు. రెండంతస్తులు, కింద బేస్‌మెంట్, ఇంటికి అతుక్కుని రెండు కార్ల గరాజ్, ఆ గరాజ్ నెత్తిన ఒక పడకగది. విస్తీర్ణం 2,400 చదరపు అడుగులు. డాలస్ నుంచి ఉద్యోగం మారి వచ్చిన తెలుగు కుటుంబం 2023 అక్టోబరులో ఈ ఇల్లు కొని పాలు పొంగించుకుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆరు నెలలు ఉండి వెళ్దామని నెల్లూరు నుంచి వచ్చిన ఆయన తల్లిదండ్రులు. మొత్తం ఆరుగురు.

నా పని ఇళ్లకు ఎనర్జీ ఆడిట్ చేయడం. వేడి ఎక్కడ పోతోందో కొలిచి, ఏ పని ముందు చేయించాలో, ఏది అసలు అక్కర్లేదో చెబుతాను. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులూ కిటికీలూ అమ్మను. అందుకే కొన్ని ఇళ్లలో నా మాట నమ్ముతారు, కొన్ని ఇళ్లలో ‘మరి మీకేం లాభం?’ అని అనుమానంగా చూస్తారు.

ఈ ఇంటి నుంచి ఫోను వచ్చింది 2024 ఫిబ్రవరి మొదటి వారంలో. సంక్రాంతి రోజుల్లోనే షికాగో ఉష్ణోగ్రత సున్నా ఫారన్‌హీట్ కిందికి, అంటే మైనస్ 18 సెల్సియస్ కిందికి దిగిన జనవరి ముగిసి ఎన్నో రోజులు కాలేదు. జనవరి గ్యాస్ బిల్లు 298 డాలర్లు, కరెంటు బిల్లు వేరే. అప్పటికే ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఒకాయన ఫర్నేస్ చిన్నదైపోయిందని, గంటకు 1,20,000 బీటీయూల (బీటీయూ వేడికి కొలత) కొత్తది 9,000 డాలర్లకు పెడతానని అన్నాడు. ఇంకొకాయన కిటికీలన్నీ మార్చాలని 18,000 డాలర్ల అంచనా కాగితం చేతిలో పెట్టాడు. ఏది ముందు చేయించాలో తేల్చమని నన్ను పిలిచారు.

పాత యజమాని బిల్లు

ఇల్లు కొనేముందు వీళ్లు జాగ్రత్తగానే ఉన్నారు. అమ్మేవాళ్లను గ్యాస్ బిల్లులు అడిగి తెప్పించుకున్నారు. నెలకు 92 డాలర్లు, పన్నెండు నెలలూ అంతే. డాలస్‌లో వేసవి కరెంటు బిల్లు చూసిన కళ్లకు అది చవకగానే కనిపించింది. ఆ కాగితం మీద చిన్న అక్షరాల్లో ‘బడ్జెట్ ప్లాన్’ అని ఉంది. ఏడాది మొత్తం వాడకాన్ని పన్నెండు భాగాలు చేసి ప్రతి నెలా సమానంగా కట్టించుకునే పద్ధతి అది. జనవరి దెబ్బ జులైలో కూడా కొంచెం కొంచెంగా కట్టేస్తాం కాబట్టి, ఏ నెలలో ఎంత గ్యాస్ కాలిందో ఆ బిల్లు మొత్తాన్ని చూస్తే తెలియదు.

అయినా ఏడాదికి 1,104 డాలర్లు ఈ ఇంటికి తక్కువే. ఆ రహస్యం పక్కింటావిడ నోట బయటపడింది. పాత యజమానులు వయసు మళ్లిన దంపతులట. క్రిస్మస్ కాగానే ఫ్లోరిడా వెళ్లిపోయి, మార్చి ఆఖరున వచ్చేవారట. పైపులు గడ్డకట్టకుండా ఇంటి వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను 55 ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, తాళం వేసి వెళ్లేవారన్నమాట. వీళ్లు చూసింది ఖాళీ ఇంటి బిల్లు.

కాబట్టి ఇల్లు కొనేవాళ్లు పాత బిల్లు అడిగితే డాలర్లు వదిలేసి థర్ములు, అంటే కాల్చిన గ్యాస్ కొలత, చూడాలి. నెలవారీగా చూడాలి. ఆ శీతాకాలం ఇంట్లో ఎవరున్నారో కూడా కనుక్కోవాలి.

బిల్లునే ముందు చదివాను

వాళ్ల జనవరి వాడకం 262 థర్ములు. స్నానాల నీళ్లు, వంట, బట్టల డ్రయర్‌కు ఎండాకాలం నెలల్ని బట్టి చూసినా 30కి మించదు. అంటే ఇల్లు వెచ్చబెట్టడానికి పోయింది 232.

ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఒక థర్ము అంటే లక్ష బీటీయూలు. బేస్‌మెంట్‌లోని ఫర్నేస్ రేకు మీద రాసి ఉన్నది గంటకు సరిగ్గా లక్ష బీటీయూల ఇన్‌పుట్. అంటే గంట మండితే ఒక థర్ము. 232 థర్ములంటే ఆ నెలలో అది 232 గంటలు మండింది. నెలకు ఉన్నవి 720 గంటల పైచిలుకు. అంత చలి నెలలో కూడా మూడింట ఒక వంతు కాలమే పనిచేసి, మిగతా సమయమంతా ఊరికే కూర్చున్న ఫర్నేస్‌ను ‘చిన్నది’ అనడం ఎలా? అది 80 శాతం సామర్థ్యం ఉన్న పాత యంత్రం, నిజమే. అయినా గంటకు 80,000 బీటీయూల వేడి ఇంట్లోకి పంపగలదు. బయట మైనస్ 5 ఫారన్‌హీట్ ఉన్న రాత్రి కూడా ఈ ఇంటికి కావలసింది 50,000 లోపే. వాళ్లకు ఇప్పటికే అవసరానికి మించినదే ఉంది.

తర్వాత డిగ్రీ డేలు. రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారన్‌హీట్ కంటే ఎన్ని డిగ్రీలు తక్కువో, ఆ రోజుకు అన్ని హీటింగ్ డిగ్రీ డేలు. నెల మొత్తానికి కూడితే ఆ నెల చలి ఎంతో ఒక్క అంకెలో తెలుస్తుంది. ఆ బిల్లు కాలానికి 1,180 వచ్చింది. 232ని 1,180తో భాగిస్తే 0.197. ఒక్కో డిగ్రీ డేకి ఈ ఇల్లు తాగే గ్యాస్ అది. మీ కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో తెలిసినట్టే, మీ ఇంటికి ఈ అంకె తెలిసి ఉండాలని నా పట్టుదల.

ఈ అంకెతోనే కిటికీల సంగతి కూడా తేలిపోయింది. ఇంట్లో ఉన్నవి రెండు పొరల అద్దాలే, మొత్తం 220 చదరపు అడుగులు. వాటిని ఇప్పటి మేలురకంతో మార్చినా ఇంటి మొత్తం వేడి నష్టంలో తగ్గేది 7 శాతం లోపు. షికాగో చలికి ఏడాదికి సుమారు 95 డాలర్లు. 18,000ని 95తో భాగించండి. దాదాపు 190 ఏళ్లకు పెట్టుబడి తిరిగి వస్తుంది. ఈ లెక్క చెప్పినప్పుడు పెద్దాయన ఒక్కరే నవ్వారు. కొడుకు అప్పటికే కిటికీల వాళ్లకు అడ్వాన్సు ఇవ్వబోయి ఆగాడు మరి.

కరెంటు బిల్లులో దాక్కున్నది ఇంకొకటి. గరాజ్ పైగదిలో పెద్దవాళ్లు పడుకుంటారు. ఆ గది వేడెక్కదని 1,500 వాట్ల హీటరు కొనిపెట్టారు. రాత్రికి పది గంటలు, నెలకు 450 యూనిట్లు, వాళ్ల రేటులో 72 డాలర్లు. అదే వేడి గ్యాస్ ఫర్నేస్ నుంచి వచ్చి ఉంటే 22 డాలర్లతో అయిపోయేది.

అటకెక్కడం

అటిక్‌ను ఇక్కడి మన పెద్దవాళ్లు అటక అనేస్తారు. నాకూ ఆ మాటే ఇష్టం. ఇంట్లోకి వెళ్లేముందు బయట ఒక చుట్టు చుట్టాను. ఉత్తరం వైపు చూరు నుంచి మూరెడేసి మంచు కడ్డీలు వేలాడుతున్నాయి. పిల్లలు వాటి ముందు నిలబడి తీయించుకున్న ఫొటోను వాళ్లమ్మ మురిపెంగా చూపించింది. నేను మాత్రం ఇంటి వేడి కప్పును తాకి మంచును కరిగిస్తోందని, కరిగిన నీరు చూరు దగ్గర మళ్లీ గడ్డ కడుతోందని చదువుకున్నాను.

అటక మీద పాత ఫైబర్‌గ్లాస్ దూది పరచి ఉంది. ఆరంగుళాలు, ఆర్-19కి సమానం (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది). ఇప్పుడు ఈ ప్రాంతంలో ఆర్-49 పరుస్తారు. కానీ మందం కన్నా రంగే ఎక్కువ విషయం చెప్పింది. గులాబీ రంగు దూది కొన్ని చోట్ల నల్లబడి ఉంది. కింది నుంచి గాలి పైకి పోతూ పోతూ దుమ్మును అందులో వడగట్టేసింది, టీ గుడ్డకు మరక పట్టినట్టు. ఆ నల్ల మచ్చల్ని ఎత్తి చూస్తే ప్రతి దాని కింద ఒక కన్నం. బాత్‌రూమ్ పైపు బేస్‌మెంట్ నుంచి అటక దాకా వచ్చే సందు పూర్తిగా తెరిచి ఉంది, నా చేయి మోచేతి దాకా పట్టింది. ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ ఇంకొకటి. పై హాల్లో గుండ్రటి దీపాలు ఆరు. అన్నిటికీ మించి, హాలు కప్పులో డెబ్బైల నాటి పెద్ద ఫ్యాను. వేసవి సాయంత్రాల్లో ఇంటి వేడిని అటక మీదికి తోయడానికి పెట్టేవారు. దాని కింద పలచటి అల్యూమినియం రెక్కలు తప్ప మూత లేదు. చలికాలమంతా అది కిటికీ కొంచెం తెరిచి ఉంచినట్టే.

వెచ్చటి గాలి పైకి పోతుంది. పైనుంచి ఎంత పోతే కింద నుంచి అంత చల్లగాలి లోపలికి రావాలి. అందుకే పై కన్నాలు మూయకుండా కింద తలుపులకు రబ్బరు పట్టీలు అంటించినందువల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు తలుపులో బ్లోయర్ డోర్ బిగించాను. అది గుడ్డ చట్రంలో కూర్చున్న ఫ్యాను. ఇంట్లో గాలి పీడనం బయటికన్నా 50 పాస్కల్స్ తగ్గేదాకా గాలిని బయటికి లాగుతుంది. అంత లాగడానికి ఎంత గాలి అవసరమైతే, ఇంటికి అన్ని చిల్లులున్నట్టు. వచ్చింది నిమిషానికి 4,300 ఘనపు అడుగులు. బేస్‌మెంట్‌తో కలిపి ఇంటి ఘనపరిమాణం 28,800. అంటే ఆ పీడనం దగ్గర గంటకు 9 సార్లు ఇంట్లో గాలంతా మారిపోతోంది. కొత్త ఇళ్లకు ఈ చలి ప్రాంతాల్లో నమూనా ఎనర్జీ కోడ్ 2012 నుంచీ గీసిన గీత 3.

చిల్లులు కనిపెట్టడానికి పొగ వదిలే చిన్న పరికరం నా సంచిలో ఉంది కానీ, పెద్దావిడ దేవుడి అర నుంచి అగరొత్తి వెలిగించి ఇచ్చారు. అదే మేలు. వంటగదిలో సింకు కింది అలమరా తెరిచి అగరొత్తిని లోపల పెడితే, పొగ నిలువుగా లేవకుండా నా ముఖం మీదికి పడుకుని వచ్చింది. బేస్‌మెంట్ గోడ మీద ఇంటి కొయ్య చట్రం కూర్చునే చోట, రిమ్ జాయిస్ట్ అంటాం, అక్కడి సందుల నుంచి వచ్చే గాలి అది. థర్మల్ కెమెరాలో అలమరా లోపల 57 ఫారన్‌హీట్, అంటే 14 సెల్సియస్.

“అక్కడే బాబూ, నేను పాలు తోడు పెట్టేది” అన్నారావిడ. “మూడు నెలల నుంచి ఈ ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదు. తోడు మంచిది కాదేమోనని ముగ్గురింటి నుంచి తెచ్చాను.”

తుండుగుడ్డ

థర్మోస్టాట్ మీద ఆ ఇంట్లో రోజూ పోరే. కొడుకు రాత్రి 66కి దించేవాడు, తల్లి లేచి 76కి పెంచేది. పెద్దాయన మొదటి రోజు ఆ డబ్బా మీద 72 చూసి, “72 డిగ్రీలా? నెల్లూరు రోహిణి కార్తెలో కూడా అంత ఉండదు కదరా” అన్నారట. చివరికి 74 దగ్గర రాజీపడ్డారు. హాల్లో 74 ఉన్నా, వాళ్ల పైగదిలో నా మీటరు చూపించింది 61.

ఆ గదికి మూడు వైపులా బయటి గోడలు, కింద చల్లటి గరాజ్. గరాజ్ కప్పులో ఒక పలక విప్పి చూస్తే, దూది కిందికి జారి నేలకూ దానికీ మధ్య బెత్తెడు ఖాళీ. చూరు నుంచి వచ్చే గాలి ఆ ఖాళీలో హాయిగా తిరుగుతోంది. గదికి వేడిగాలి తెచ్చే డక్టు కూడా ఆ సందులోంచే వస్తోంది, అతుకుల దగ్గర కారుతూ.

దీనితో విషయం తేలిపోయిందనుకున్నాను. నివేదికకు ఫొటోలు తీస్తుంటే తలుపు దగ్గర చుట్ట చుట్టిన పాత తుండుగుడ్డ కాలికి తగిలింది. రాత్రి పడుకునేటప్పుడు తలుపు కింది సందులో దాన్ని దూరుస్తారట, వెచ్చదనం బయటికి పోకుండా. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఆ గదికి వేడిగాలి వచ్చే దారి ఉంది, తిరిగి ఫర్నేస్‌కు వెళ్లే దారి లేదు. తలుపు కింది సందే దాని తిరుగుదారి. అది మూసేస్తే గదిలో గాలి నిండి, కొత్త గాలి లోపలికి రాలేదు. మూత బిగించిన సీసాలోకి ఊదినట్టు. తుండుగుడ్డ దూర్చి, ఫర్నేస్ నడిపించి, గాలి పీడనం కొలిచే మానోమీటర్ గొట్టం తలుపు పక్క నుంచి లోపలికి పెట్టాను. 8 పాస్కల్స్. మా వృత్తిలో 3 దాటితే సరిచేయాలంటాం. గుడ్డ తీయగానే గ్రిల్లు దగ్గర గాలి ఊపు చేతికే తెలిసింది.

పెద్దవాళ్లది చాదస్తం కాదని ఇంట్లోవాళ్లకు చెప్పడానికి ఇంకో కొలత పనికొచ్చింది. ఆ గది గోడ లోపలి వైపు 55, నేల 53. చుట్టూ గోడలు అంత చల్లగా ఉంటే హీటరు పక్కనే కూర్చున్నా ఒంట్లోని వేడిని అవి లాగేస్తూనే ఉంటాయి. అందుకే ‘థర్మోస్టాట్ తగ్గించండి’ అనే సలహాను నేను ఎప్పుడూ ముందు ఇవ్వను.

ఏం చేయించాం

చలికాలంలో అటక పని తొందరపడి చేయించలేదు. పని జరిగేదాకా ఫ్యాను రెక్కలకు కింద నుంచి ఫోమ్ పలక బిగించి, తుండుగుడ్డ తీసేయమని చెప్పి వచ్చాను. అసలు పని 2024 సెప్టెంబరులో జరిగింది. ముందు కన్నాలు మూత, తర్వాతే దూది. ఈ వరస తప్పకూడదు. ఆర్-49 సెల్యులోజ్ (కాగితం పీచు) పరిచేశాక కింద కన్నాలున్నాయని గుర్తొస్తే పారతో తవ్వుకోవాలి. పొగగొట్టం చుట్టూ రేకు, నిప్పుకు తట్టుకునే లప్పం. పైపు సందుకు ఫోమ్ పలక. పెద్ద ఫ్యాను మీద వేడిని ఆపే ఇన్సులేషన్ పెట్టె. రిమ్ జాయిస్ట్‌కు స్ప్రే ఫోమ్. గరాజ్ కప్పు సందుల్లో ఖాళీ లేకుండా సెల్యులోజ్ కూరి నింపించాం, డక్టు అతుకులకు గాలి కారకుండా మాస్టిక్ అనే లప్పం పూయించాం. పైగది తలుపు పైన గోడకు ఒక గ్రిల్లు పెట్టించాం, గాలి తిరిగి రావడానికి.

ఖర్చు 5,400 డాలర్లు. గ్యాస్ కంపెనీ రాయితీ, ఫెడరల్ పన్ను మినహాయింపు పోను చేతి నుంచి పడింది 4,300. ఆ మినహాయింపులో ఇన్సులేషన్‌కు సామగ్రి ఖరీదులో 30 శాతమే వచ్చేది, కూలి లెక్కలోకి రాదు. చాలామంది మొత్తం బిల్లు మీద లెక్కేసుకుని తర్వాత నొచ్చుకునేవారు. 2025 డిసెంబరు 31 తర్వాత చేయించిన పనులకు ఆ మినహాయింపు కూడా లేదు.

నా పొరపాటు

పని అయ్యాక మళ్లీ బ్లోయర్ డోర్ పెడితే 2,900. గంటకు 9 సార్లు మారే గాలి 6కు దిగింది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆఖరున చేసే పరీక్ష ఒకటుంది. ఇంట్లో గాలిని బయటికి తోసేవన్నీ ఒకేసారి నడిపి, బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పొగ సరిగ్గా పైకి పోతోందో లేదో చూడాలి. బాత్‌రూమ్ ఫ్యాన్లు వేశాం, డ్రయర్ వేశాం, పొయ్యి మీది పొగను లాగే వంటగది హుడ్ వేశాం. వాటర్ హీటర్ నెత్తి దగ్గర అగరొత్తి పెడితే పొగ గొట్టంలోకి పోవడానికి బదులు నా వైపు తన్నుకొచ్చింది. కాలిన గ్యాస్ పొగంతా ఇంట్లోకే వస్తోంది. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ అందులో ఉండొచ్చు.

ఫిబ్రవరిలో ఇదే పరీక్షలో వాటర్ హీటర్ గట్టెక్కింది. తేడా ఏమిటని చూస్తే, పోపు ఘాటు ఇల్లంతా పడుతోందని వేసవిలో హుడ్ మార్చుకున్నారు. కొత్తది నిమిషానికి 900 ఘనపు అడుగులు లాగేది. అంతర్జాతీయ నివాస భవనాల కోడ్ 400 దాటిన హుడ్‌కు బయటి నుంచి బదులు గాలి వచ్చే ఏర్పాటు అడుగుతుంది. అమర్చినవాళ్లు ఆ మాటే ఎత్తలేదు. వాళ్లను అని లాభం లేదు, నా ఫిబ్రవరి నివేదికలో నేను రాసింది ‘వాటర్ హీటర్ సురక్షితం’ అని ఒక్క వాక్యమే. ఇల్లు బిగుతయ్యాక, హుడ్ మారితే అది చెల్లదని రాయలేదు. తెలుగువాళ్ల ఇంట్లో హుడ్ మారదని ఎలా అనుకున్నానో!

ఆ రోజు నుంచి హుడ్‌ను చిన్న వేగంలోనే, కిటికీ కొంచెం తెరిచి వాడమన్నాం. రెండు వారాల్లో ఫ్యానుతో పొగను బయటికి తోసే కొత్త వాటర్ హీటరు 2,300 డాలర్లకు పెట్టించారు, హుడ్‌కు బదులు గాలి దారి చేయించారు. ఇది ఆదా లెక్కలో కలిసే ఖర్చు కాదు. ఇప్పుడు నా అంచనా పత్రంలో ఇంటివాళ్లను మొదట అడిగే ప్రశ్న వంటగది గురించే.

రెండో జనవరి

2025 ఫిబ్రవరిలో కొడుకు ఫోను చేశాడు, గొంతులో నిష్టూరం. “అంత ఖర్చు పెట్టాం, బిల్లు 298 నుంచి 268కే తగ్గిందండీ.”

థర్ములు చదవమన్నాను. 214. గ్యాస్ రేటు ముందటి ఏడాదికన్నా పెరిగింది. చలి కూడా ఎక్కువే, డిగ్రీ డేలు 1,270. స్నానాలకు, వంటకు 28 తీసేస్తే 186. దాన్ని 1,270తో భాగిస్తే 0.146. ముందటి 0.197తో పోలిస్తే 26 శాతం తక్కువ. పని చేయించకపోయి ఉంటే ఆ చలికి, ఆ రేటుకు బిల్లు దాదాపు 350 వచ్చేది.

ఆ 26 శాతం అంతా దూదికి, ఫోమ్‌కు రాయడం మాత్రం న్యాయం కాదు. పెద్దవాళ్లు నవంబరులో మళ్లీ వచ్చినా థర్మోస్టాట్ 74 నుంచి 71కి దానంతటదే దిగింది. గోడలు వెచ్చబడ్డాక ఎవరూ పెంచడం లేదు. మూడు డిగ్రీల వాటా ఆరేడు శాతం ఉంటుంది. మిగతా ఇరవై మరమ్మతుది. ఏడాదికి గ్యాస్‌లో 385 డాలర్లు, గది హీటరు మానేసినందుకు శీతాకాలం మొత్తానికి 290. కలిపి 675. చేతి నుంచి పెట్టిన 4,300 ఆరున్నరేళ్లలో తిరిగి వస్తాయి. పాత ఫర్నేస్‌ను అది చచ్చేదాకా వాడుకుని, అప్పుడు చిన్నది కొనమన్నాను. 60,000 బీటీయూలది చాలు.

కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. కిటికీ అద్దాల మీద తెల్లారేసరికి నీళ్లు. ఇంట్లో గాలి తక్కువగా మారుతోంది, గాలిలో తేమ పెంచడానికి ఫర్నేస్‌కు ఉన్న హ్యుమిడిఫయర్ మాత్రం పాత అలవాటు ప్రకారం 45 శాతం మీదే ఉంది. 30కి దించితే అద్దాలు ఆరిపోయాయి.

మార్చిలో చివరి కొలతలకు వెళ్లాను. పైగదిలో 69. సింకు కింది అలమరాలో 66, అయినా అది తోడు పెట్టడానికి చల్లనే. ఓవెన్‌లో దీపం వేసి గిన్నె అందులో పెట్టే ఇక్కడి తెలుగు ఇళ్ల విద్య పెద్దావిడకు కోడలు అప్పటికే నేర్పేసింది. గడ్డ పెరుగు ఒక కప్పు నాకూ పెట్టారు. పైగదిలోంచి బయటికి వస్తుంటే మళ్లీ అదే తుండుగుడ్డ, తలుపు కింద చుట్ట చుట్టి.

“అలవాటు బాబూ, అది లేకపోతే నిద్ర పట్టదు” అన్నారావిడ.

తలుపు మూసి, గుడ్డ అలాగే ఉంచి మీటరు పెట్టాను. 2 పాస్కల్స్. గ్రిల్లు పని గ్రిల్లు చేస్తోంది. ఉంచుకోమన్నాను.